అత్తమ్మ కంచు తలె, దొర మిషను

ఆ రోజుల్లో గిన్నెలు తోమడం కూడా ఒక విద్యేనని ఎవరైనా అంటే పడీపడీ నవ్వేవాళ్ళం. ఇంత బూడిద, పులుసు పిసికేసిన చింతపండు తుక్కు, ఒక కొబ్బరి పీచు, కూర్చోవడానికి ఒక రాయి ఉంటే చాలు. ఇప్పుడు షాద్‌నగర్‌లో మా అమ్మాయి వంటింట్లో గిన్నెలు కడిగే మిషను ఉంది. అందులో ఏది ఎటు తిప్పి పెట్టాలో నాకు పాఠం చెబుతూనే ఉంటుంది. "ప్లేట్ల మొహం లోపలికుండాలమ్మా, గిన్నెలు బోర్లా పెట్టాలె, గిలాసలు పైన!" నేను కొత్త కోడలిలా తలూపుతాను. మా నల్గొండ జిల్లాలో చాలా ఊళ్లకు కరెంటు స్తంభమే రాని కాలంలో నేను ఇలాంటి మిషనుతో కాపురం వెలగబెట్టానని చెబితే నమ్మదు. (నమ్మకపోవడమే నయం. నమ్మితే మిగతాదంతా చెప్పమని కూర్చుంటుంది.)

మా ఆయన అప్పుడు కృష్ణ ఒడ్డున ఆనకట్ట కడుతున్న చోట, కాలనీలో కరెంటు పని చేసేవాడు. నౌకరీ ఇంకా పర్మినెంటు కాలేదు. మా అత్తగారి ఊరు మహబూబ్‌నగర్ వైపు. కొత్త కోడలు కనీసం ఏడాది అత్త చేతికింద పని నేర్చుకోవాలని మా అత్తమ్మ పట్టుదల. ఈయనేమో సెలవుకు వచ్చినప్పుడల్లా బుగ్గలు లోపలికి పీల్చుకుని, "హోటల్ కూడు తిని సస్తున్ననే అమ్మా" అని తల్లి ముందు తిరిగేవాడు. చివరికి ఆమె మెత్తబడింది.

"తీస్కపో. గని దసర ఎల్లినంక నేనొచ్చి సూస్త. ఇల్లు కుదురుగ నడిపిందా, ఈడనే ఉంటది. లేదా, నా ఎంబడి తోల్కపోత. మల్ల ఏడాదిదాంక అడగొద్దు."

ఇంకో మాట కూడా తీసుకుంది. కొడుకు నౌకరీ పర్మినెంటు అయ్యేదాకా తల్లీ కొడుకూ నీసు ముట్టమని నర్సింహస్వామికి మొక్కింది. ఆమె ఎండుచేప వాసన కూడా ఇంట్లోకి రానివ్వకుండా ఆ మొక్కు నిలబెట్టుకుంది. ఈయన కూడా నిలబెట్టుకున్నాడు, మేమెక్కిన బస్సు కాలనీలో ఆగేదాకా.

ఆ రెండు గదుల క్వార్టరంటే నాకు ప్రాణం. నల్లా తిప్పితే నీళ్లు, స్విచ్చి నొక్కితే వెలుతురు. సాయంత్రం ఈయన ఈల వేసుకుంటూ సందు మలుపు తిరిగితే పొయ్యి దగ్గర కూర్చున్న నాకు వినబడేది. ఉన్నమాట చెప్పాలంటే నాకు ఆ ఈలను విడిచి పోవాలని లేదు. అందుకే అత్తమ్మ వస్తుందంటే నా గుండెల్లో రాయి పడింది.

ఆ రాయి చాలదన్నట్టు మిషను ఒకటి వచ్చి పడింది. ఆనకట్ట పని మీద వచ్చిన తెల్ల ఇంజనీరు దొర తన దేశం వెళ్ళిపోతూ, ఇంట్లో వైర్లన్నీ సరిచేసి పెట్టాడన్న ప్రేమతో మా ఆయనకు దాన్ని ఇచ్చేశాడు. నడుమెత్తు తెల్ల డబ్బా, కింద చక్రాలు, మీద మూత, నల్లాకు తగిలించే గొట్టం, కరెంటును తగ్గించే ఇనుప పెట్టె ఒకటి. లోపల ఒకదాని మీద ఒకటి రెండు తీగల బుట్టలు. ఈయన ఆ ఇనుప పెట్టె సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, "ఇగ బోళ్లు పెట్టుడు నీ పని. సంసారం ముచ్చట నాకేం తెలుస్తది" అని చేతులు దులుపుకున్నాడు.

నాకు మాత్రం ఏం తెలుసు? దాంతో వచ్చిన పుస్తకంలో బొమ్మలున్నాయి. ఆ బొమ్మల్లో అప్పడాల్లాంటి పళ్లేలు వరసగా నిలబడి ఉన్నాయి. మా ఇంట్లో నిలబడే పళ్లెం ఒక్కటీ లేదు. ఉన్నవి గుండ్రటి గంజు, మెడ సన్నటి చెంబు, అన్నం తినే, అంచు పైకి లేచిన తలెలు. బొమ్మల్లో గిన్నెలన్నీ బోర్లా ఉన్నాయి. అదెలా కుదురుతుంది? గిన్నెలో నీళ్లు నిలిస్తేనే కదా మాడు నానేది! దొరల పుస్తకంలో బొమ్మలు తలకిందులుగా అచ్చయ్యాయేమో అనుకుని (నిజంగానే అనుకున్నాను, పుస్తకాన్ని తిప్పి కూడా చూశాను) అన్నీ వెల్లకిలా పెట్టాను. సబ్బు పోసే చిన్న గుంటలో నా తెలివికొద్దీ మెత్తటి బూడిద జల్లించి పోశాను. మిషను గిర్రున తిరిగి ఆగాక మూత తీస్తే గిన్నె గిన్నెకూ నిండా బూడిద జావ. అవన్నీ బయటికి తీసి, రాయి మీద కూర్చుని, మొదటినుంచీ తోముకున్నాను. కాలనీ ఆడవాళ్లు మాత్రం గుంపులుగా వచ్చి చూసి, "నీ అంత అదృష్టం ఎవరికుంటది పిల్లా" అని మెటికలు విరిచి పోయేవాళ్లు. వాళ్ల మొహాలు చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అత్తమ్మ పొద్దుటి బస్సుకు దిగుతుందని తెలిసీ ముందురోజు రాత్రి ఈయన మేకమాంసం తెచ్చాడు. "అమ్మ ఉన్నన్ని దినాలు దొరకది గద, జర వండు" అని బతిమాలితే వండాను. పొద్దున లేచేసరికి అత్తమ్మ వాకిట్లో ఉంది. తోమని కూరగిన్నె పొయ్యి పక్కన ఉంది. ఏం చేయాలో తోచక దాన్ని ఉన్నదున్నట్టు మిషను కింది బుట్టలో పెట్టి మూత వేశాను. ఊదుబత్తి వెలిగించాను. అత్తమ్మ లోపలికి వస్తూనే "ఇయ్యాల ఏం పండుగనే?" అంది.

ఆమె చేసంచిలో బట్టలకంటే ముందు బయటికి వచ్చింది ఆమె కంచు తలె. పుట్టింటినుంచి తెచ్చుకున్నది. ఆమె అందులో తప్ప దేంట్లోనూ తినదు. రొట్టె తింటూ ఉండగానే, ఈయన డ్యూటీకి బయల్దేరుతూ ఊరుకోక, "మన ఇంట్ల బోళ్లు మిషినే కడుగుతదే అమ్మా. సూడరాదు!" అని గొప్పలు పోయి, ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

అత్తమ్మ తలె నా చేతికిచ్చింది. "ఏదీ, కడుగు సూద్దాం."

నేను మూత కొంచెమే ఎత్తి, నా వీపు అడ్డం పెట్టి, తలెను పై బుట్టలో వెల్లకిలా పెట్టాను. ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"మీ ఎంగిలి బోళ్లు సుత అండ్లనే ఉంటయి గద. మీ ఎంగిలి నా తలెకు తాకదా?"

"నీది పైన పెట్టిన అత్తమ్మా. నీళ్లు పైనుంచి కిందికే గద పడేది? నీ తలె కడిగిన నీళ్లు మా వాటి మీద పడ్తయి. మా వాటియి నీ దాని మీదికెట్లొస్తయి?"

ఆమె వేలితో పైనుంచి కిందికి గాలిలో గీత గీసి చూసుకుని, "గదీ నిజమే" అంది. నా జీవితంలో అత్తమ్మ నా మాట ఒప్పుకున్న మొదటిసారి అది. ఆ సంతోషంలో గుంటలో ఇంత బూడిద పోసి స్విచ్చి నొక్కాను.

"గీ డబ్బల ఎవరున్నరే? గిట్ల మొత్తుకుంటాంది!" అని ఆమె గోడకు ఆనుకుంది. తర్వాత ధైర్యం తెచ్చుకుని మూత మీద చెయ్యి వేసి, పాలిచ్చే బర్రెను నిమిరినట్టు నిమిరింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. మిషను ఒక్క గుటక వేసి ఊరుకుంది.

మధ్యాహ్నం అయింది. కరెంటు రాలేదు. అన్నం వండాను, పప్పుచారు పెట్టాను. అత్తమ్మ పీట వాల్చుకుని కూర్చుని, "నా తలె ఇయ్యి" అంది. కరెంటు లేకుండా మూత తీస్తే షాక్ కొడుతుందన్నాను. "కరెంటే లేనిది షాకెట్ల కొడ్తదే?" అంది. మిషను లోపల ఇంకా వేడి తగ్గలేదన్నాను. స్టీలు తలెలో పెడతానన్నాను. ఆమె నా మొహం ఒకసారి చూసి, లేచి వెళ్లి మూత ఎత్తింది.

లోపల బూడిద నీళ్లు, వాటి మీద తేలుతున్న రొట్టె ముక్కలు. పై బుట్టలో అత్తమ్మ కంచు తలె. దాని నడిమధ్యలో, ఎవరో వడ్డించినంత పొందికగా, ఒక నల్లిబొక్క!

ఆ మిషను అడుగున రెక్క ఉంటుందనీ, అది నీళ్లను కిందినుంచి పైకి ఎగజిమ్ముతుందనీ నాకు తెలిసిన క్షణం అదే. నీళ్లు పైకి పోతాయా? పోతే ఇక లోకంలో దేన్ని నమ్మాలి? అత్తమ్మ అడగబోయే దానికంటే ముందు నాకు ఈ సందేహమే పట్టుకుంది.

అత్తమ్మ బొక్కను తీసి, దానికి అంటుకున్న మసాలాను వేలితో రుద్ది చూసి, నేల మీద పెట్టింది. తలె పట్టుకుని బయటికి వెళ్లి, బూడిదతో, చింతపండుతో చాలాసేపు తోముకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయో, బూడిద పడిందో నాకు తెలియలేదు. నేను లోపల ట్రంకు పెట్టె తెరిచి చీరలు సర్దుకోవడం మొదలుపెట్టాను. ఒక్కో చీర మడుస్తుంటే ఏడుపు ఆగలేదు.

ఈల వినబడింది. ఈయన గుమ్మంలోకి వచ్చి, నన్ను చూసి, తల్లిని చూసి, నేల మీద బొక్కను చూసి ఈల ఆపాడు.

"ఇదేందిరా?"

"అది... దొరదే అమ్మా. దొర తిన్నప్పటిది మిషిన్లనే ఉండిపోయినట్టుంది."

"అట్లనా? దొర గసాలు, కొబ్బరి నూరుకొని తిన్నడారా?"

ఈయన బొక్కను కాలితో పక్కకు జరిపి, "అయితే దీన్ని తోల్కపోతవా?" అని నా వైపు చూపించాడు. నేను మడుస్తున్న చీరతోనే లేచి నిలబడ్డాను.

"దీన్ని నేను తోల్కపోతే నిన్నెవరు సూస్తర్రా? ఇంకింత తింటవు!" అని కసిరింది అత్తమ్మ. నా వైపు తిరిగి, "ఆ పెట్టె మూయి పిల్లా. నువ్వీడనే ఉండు. ఈడి మొక్కు ఇయ్యాల్టిసంది నీ జిమ్మ, నువ్వే కావలుండాలె" అంది.

నేను నెగ్గానో, కొడుక్కి కావలి పనిలో చేరానో తేల్చుకోలేక చీర పట్టుకుని అలాగే నిలబడ్డాను. తిరిగి బస్సెక్కుతున్నప్పుడు ఆమె నా చెవిలో, "బోళ్లు చేత్తోనే తోముకో బిడ్డా. ఎవడేం తిన్నడో చేతికే ఎరుకైతది" అంది.

మిషనును ఆ వారమే గోడవారకు తోసేసి అందులో జొన్నలు పోసుకున్నాం. ఈయన నౌకరీ పర్మినెంటు అయింది, రిటైరు కూడా అయ్యాడు. అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు డాక్టరు ఈయన్ను తీపి ముట్టొద్దన్నాడు. ఈయన ముట్టనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. అమ్మాయి ఇంట్లో అందరి గిన్నెలూ ఆమె చెప్పినట్టే మిషనులో బోర్లిస్తాను, ఈయన తలె ఒక్కటి తప్ప. దాన్ని నల్లా కింద పెట్టి వేళ్లతో రుద్దుతాను. నిన్న అంచు దగ్గర నా వేలికి జిగురుగా బెల్లం పాకం తగిలింది. ముందు గదిలోంచి ఈల వినబడుతోంది. ఆయన నౌకరీ ఎప్పుడో అయిపోయింది గానీ అత్తమ్మా, నువ్విచ్చిన నా నౌకరీ ఇంకా నడుస్తూనే ఉంది.