మేస్త్రి వదిలిన సందు

ఈ ఉదయం తగరపువలస బస్టాపులో ఒక పాత డీజిల్ వ్యాను నా పక్కనే ఆగింది. దాని ఇంజనులోంచి సన్నగా టకటకమని చప్పుడు. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒక మనిషి ముందు తల దించుకోవాలనిపిస్తుంది. ఆయన ఫిషింగ్ హార్బరులో బోటు ఇంజన్లు బాగుచేసే మేస్త్రి.

నాలుగేళ్ల కిందట, వేసవిలో చేపల వేట నిషేధించిన రోజుల్లో నాన్న మా బోటు ఇంజను విప్పించాడు. మేస్త్రి పని చేస్తుంటే ఇంటి మనిషి ఒకరు పక్కన కూర్చోవడం మా జెట్టీ మీద అలవాటు. మంచి సామాను తీసేసి పాతది బిగిస్తారని అందరికీ భయం. ఆ కాపలా నాకు పడింది. ఎవరితోనూ మాట్లాడని పిల్ల, పైగా చూసిందంతా డైరీలో రాసుకుంటుంది, ఇంకేం కావాలి? దాచుకుని చదివిన డిటెక్టివ్ నవలల పుణ్యమా అని, ఆయన తువ్వాలు దులిపినా నాకు అనుమానమే. పనిముట్ల పెట్టెకు తాళం ఎందుకు? నావైపు వీపు పెట్టి ఎందుకు కూర్చున్నాడు?

"ఏటమ్మా అలా సూత్తన్నావ్? ఇంజను జేబులో ఏసుకెల్లిపోతానా?" అన్నాడొకసారి. అదీ రాసుకున్నాను.

ఇంజను పైమూత తీస్తే వాల్వులు వరసగా కనిపిస్తాయి, కొన్ని గాలిని లోపలికి తీసుకోవడానికి, కొన్ని పొగను బయటికి వదలడానికి. కింద కామ్ షాఫ్టు అనే ఇరుసు తిరిగినప్పుడల్లా ఒక కడ్డీ పైకి లేచి, రాకరు అనే ఇనుప ముక్కను ఒక పక్క ఎత్తుతుంది. అది ఏతంలా రెండో పక్క వంగి వాల్వును నొక్కి తెరుస్తుంది. స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. చూడముచ్చటగా ఉంది కానీ, ప్రతి రాకరుకీ వాల్వుకీ మధ్య కాగితం దూరేంత సందు! వేలితో కదిపితే టకటకలాడింది. మేస్త్రి అలాగే మూత బిగించేశాడు. దొంగ దొరికాడనుకున్నాను.

ఆ సాయంత్రం డైరీలో రాసిన అరపేజీ నాన్నకు చదివి వినిపించాను. "మల్లీ పిలిపించుకోడానికే ఒదులు ఒగ్గేసాడు!" అని నాన్న జెట్టీ అంతా చెప్పి, తనే స్పానరు పట్టుకుని సందు లేకుండా అన్నీ బిగించేశాడు.

నిషేధం ఎత్తేసిన రోజు బోటు ఆ టకటక చప్పుడు లేకుండా బయల్దేరింది. ఇంజను వేడెక్కేసరికి నల్లపొగ కక్కి, హార్బరు దాటకుండానే నీరసించిపోయింది. ఇంకో బోటు తాడు కట్టి లాక్కొచ్చింది.

మేస్త్రి వచ్చి మూత విప్పాడు. సందు కొలిచే పల్చటి ఉక్కురేకు రాకరు కింద పెట్టబోతే దూరలేదు.

"ఇనుము ఏడెక్కితే సాగుతాది బావా. ఆ సాగడానికే నాను సోటు ఒగ్గేను. సోటు లేపోతే వాల్వు మూసుకోదు, బలమంతా బయటికి పోద్ది. ఎవులు బిగించేరిది?"

చుట్టూ పదిమంది చేరారు. నాన్న గొంతు సవరించుకున్నాడు. "నానే. ఎవులో ఏదో అంటేని..."

"ఎవులో కాదు, నాను," అన్నాను. జెట్టీ మీద నేను గట్టిగా అన్న మొదటి మాట అదే. "మోసమనుకున్నాను. నాన్నకి నానే సెప్పాను."

మేస్త్రి నవ్వలేదు, తిట్టలేదు. "రోజంతా పక్కనే కూకున్నావు కదమ్మా. అడిగితే సెప్పీవోడిని," అన్నాడు.

నాన్న అక్కడే, అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. అయినా మరుసటి ఏడు నిషేధంలో ఇద్దరు బోటు యజమానులు మేస్త్రి పక్కన ఒకరికి ఇద్దరిని కాపలా కూర్చోబెట్టారు. నేను పది నిమిషాల్లో రాసిన అరపేజీని కాలం ఇంత నెమ్మదిగా చెరుపుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.