క్యారియర్ మీద బురుజు దాకా

తొంభైల చివర్లో పటాన్‌చెరులో గేర్ల సైకిల్ కొన్నవాళ్లలో ముప్ఫై దాటినవాడిని బహుశా నేనొక్కడినే. మిగతావాళ్లంతా తొమ్మిదో తరగతి. లావు టైర్లు, పద్దెనిమిది గేర్లు, అట్టపెట్టె మీద మంచుకొండ బొమ్మ. మా చుట్టుపక్కల ఎక్కదగ్గ కొండ ఏదీ లేకపోవడం అప్పట్లో నాకు పెద్ద లోపంగా తోచలేదు.

సైకిల్ షాపాయనకు మాత్రం ఆ బండిని చూడగానే జాలేసింది. దానికి స్టాండు లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు, క్యారియర్ లేదు. కంపెనీవాడు మోసం చేశాడని నన్ను ఓదార్చి, గంటలో అన్నీ బిగించేశాడు. క్యారియర్ అయితే పాల క్యాన్లు మోసే రకం. సిమెంటు బస్తా వేసినా వంగదని హామీ కూడా ఇచ్చాడు. నాకు సిమెంటుతో పనిలేదని చెప్పినా వినిపించుకోలేదు.

ఫ్యాక్టరీలో నాకు ఆదివారాలు సెలవు. పొద్దున్నే లారీల మధ్య నుంచి బయటపడి, మందుల ఫ్యాక్టరీల వాసన ముక్కుని వదిలేదాకా తొక్కి, భానూరు దాటి లోపలి ఊళ్లవైపు తిరిగేవాణ్ని. అక్కడ నేల నెమ్మదైనది. జొన్న, పత్తి, కంది, మధ్యమధ్య టమాటా మళ్లు. గట్టు దిగితే బండ్లబాట, బండ్లబాట దాటితే ఇంకో గట్టు. కొన్ని ఊళ్లకు ఒక్కో బురుజు ఉంటుంది. మట్టీ రాయీ కలిపి గుండ్రంగా లేపిన కాపలా గోపురం అన్నమాట. దోపిడీ దండులు తిరిగే రోజుల్లో కట్టుకున్నవి, రజాకార్ల కాలంలో మళ్లీ అక్కరకొచ్చినవి. తుపాకులు పెట్టిన కంతల్లో ఇప్పుడు చిలకలు కాపురముంటున్నాయి. నేను వాటి నీడలో కూర్చుని అరటిపండు తిని, చరిత్ర పట్ల నా బాధ్యత తీరిందనుకుని వచ్చేసేవాణ్ని. డిగ్రీలో చరిత్ర నాకొక పేపరు. దాన్ని రెండుసార్లు రాసిన అనుభవం కూడా ఉంది.

మా అత్తగారిది అలాంటి బురుజున్న ఊరే.

మా నాన్న కోస్తా నుంచి ఇక్కడి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చినవాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడి పిల్లనే ఇష్టపడి చేసుకున్నాను. ‘ఆంధ్ర అల్లుడు’ అనే హోదా మాత్రం పెళ్లయ్యాకే దొరికింది. మా అత్తగారు నా ఎదుట కూర్చునేవారు కాదు, నాతో నేరుగా మాట్లాడేవారూ కాదు. అత్తకూ అల్లుడికీ మధ్య ఉండాల్సిన దూరం అదట. నాకు ఇంకాస్త అన్నం కావాలేమో అడగమని, నా పక్కనే నిలబడి, వంటింట్లో ఉన్న మా ఆవిడకు కేకేసేవారు. మా ఆవిడ ఇంట్లో లేకపోతే గోడకు చెప్పేవారు. గోడ నాకు బాగానే అందించేది.

ఆ ఏడు దసరా ముందు మా అత్తగారు మోకాళ్ల నొప్పులకు వైద్యం చేయించుకుందామని మా ఇంటికి వచ్చి ఉన్నారు. ఒక సాయంత్రం ఊరి నుంచి వచ్చిన బంధువొకాయన మాటల్లో మాటగా ఒక కబురు చెప్పాడు. ఊరికి నీళ్ల ట్యాంకు మంజూరైందట. ఎత్తయిన జాగా బురుజు గుట్ట ఒక్కటే కాబట్టి వచ్చే వారం బుల్డోజర్ పెట్టి బురుజు తీసేస్తున్నారట. మంచి కబురే. ఊళ్లో ఆడవాళ్లు బిందెలతో ఎంత దూరం నడుస్తారో అందరికీ తెలుసు. మా అత్తగారు కూడా మంచిదే అన్నారు. అని, ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు నేను పేపరు చదువుకుంటుంటే గోడతో మాట్లాడడం మొదలుపెట్టారు. రజాకార్లు వస్తున్నారని పుకారు పుట్టినప్పుడల్లా ఊరంతా బురుజు దగ్గర చేరేదట. మగవాళ్లూ మగపిల్లలూ వడిసెలలూ రాళ్లూ పట్టుకుని పైన కాపలా. ఆడవాళ్లూ ఆడపిల్లలూ కింది అరలో. వచ్చినవాళ్ల కళ్లలో కొట్టడానికని కారం దంచడం వాళ్ల పని. అప్పుడు ఈమెకు పదేళ్లు.

“పైన మా అన్నోళ్లు లోకమంత సూస్తుండిరి. మేము కింద కారం దంచుకుంట తుమ్ముతుంటిమి. పైనకెళ్లి ఏం గనవడ్తదో ఒక్కపారి సూడాల్నని అప్పటిసంది ఉన్నది. ఆడది ఎక్కితే బురుజు కూలుతదని ఎక్కనియ్యకపోయిరి.”

గోడ ఏమీ అనలేదు. నేను పేపరు మడిచాను. ఆటో మాట్లాడతానని గోడకే చెప్పాను. వద్దన్నారు. ఆటోలో పోతే ఊరి మొదట్లో ఉన్న అన్న ఇంటి ముందు నుంచే పోవాలి. ఆయన అరుగు మీదే ఉంటాడు. చాయ్ తాగమంటాడు, బువ్వ తినమంటాడు, బురుజు మాటెత్తితే ఊరంతా వినేలా ఒర్రుతాడు. ఊరి కట్టుబాటుకు ఆయనే కాపలా. తర్వాత, అల్లుడి సైకిల్ ఊరి వెనక పొలాల గట్ల పొంటి పోతుందంట కదా అని గోడను అడిగారు.

విషయం విని మా ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, “అమ్మను గిన పడగొట్టినవనుకో, నువ్వు గూడ ఆడనే ఉండు,” అంది.

ఆదివారం తెల్లవారాక బయల్దేరాం. క్యారియర్ మీద గొంగడి మడత, దాని మీద పక్కకు తిరిగి మా అత్తగారు. నా వీపుకూ ఆమెకూ మధ్య సద్దిగిన్నె. అది సరిహద్దు. నన్ను ముట్టుకోకుండా క్యారియర్ అంచు పట్టుకున్నారు. హైవే మీద మొదటి షిఫ్టుకు పోతున్న మా ఫ్యాక్టరీవాళ్లిద్దరు చూశారు. సోమవారం నా పరువు ఏ స్థితిలో ఉంటుందో నాకు అప్పుడే అర్థమైంది.

భానూరు దాటాక గట్టెక్కాం. రాత్రి మంచుకు మట్టి అణిగి ఉంది, లావు టైర్లు మెత్తగా పోతున్నాయి. జొన్న చేలు రెండు పక్కలా మనిషెత్తున నిలబడి మమ్మల్ని దాచాయి. కోటను వెనక నుంచి ముట్టడించడమంటే ఇదేనని నేను పుస్తకాల్లో చదివాను. పుస్తకాల్లో ఎవరూ అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్లలేదు. వాగు దగ్గర ఆమె దిగి, చీర కొంచెం ఎత్తిపట్టి, నా సైకిల్ కంటే ముందే అవతలికి చేరారు. మోకాళ్ల గురించి నేను ఏమీ అడగలేదు.

గుట్ట దగ్గర అసలు కథ మొదలైంది. చిన్నదే, కానీ మొరం రాళ్లు జారుతున్నాయి. అన్నిటికంటే తేలిక గేరు వేశాను. కొన్నప్పటి నుంచి ఆ గేరుతో నాకు పని పడలేదు. కాళ్లు గిర్రున తిరుగుతుంటే బండి మాత్రం నత్తలాగా కదులుతోంది. సగం దూరంలో ముందు చక్రం గాల్లోకి లేచింది. బరువంతా వెనకే ఉంది మరి.

“అల్లుడా, దిగాల్నా?”

ఆమె నాతో నేరుగా మాట్లాడడం అదే మొదలు.

“వద్దండీ. ముందుకు వంగి నన్ను గట్టిగా పట్టుకోండి.”

ఎన్ని తరాల మర్యాద ఆ చేతులకు అడ్డుపడిందో నాకు తెలియదు. నేను మాత్రం రొప్పుతున్నాను. తర్వాత రెండు పిడికిళ్లు నా చొక్కాను పట్టుకున్నాయి. సద్దిగిన్నె సరిహద్దు దాటి నా వెన్నులో దిగింది. ముందు చక్రం నేలకానింది. కాలు కింద పెట్టకుండా గుట్ట మీదికి చేరాను. మంచుకొండ ఎక్కినవాళ్లకు కూడా ఇంతకంటే ఎక్కువ గర్వం ఉండదని నా నమ్మకం. వాళ్లు ఒంటరిగా ఎక్కుతారు.

బురుజు నీడలో మామయ్య, అంటే మా అత్తగారి అన్న, కూర్చుని ఉన్నారు.

కూల్చేస్తారని తేలినప్పటి నుంచి రోజూ పొద్దున్నే వచ్చి అక్కడ కూర్చుంటున్నారట. మా గూఢచారి శాఖకు ఆ సంగతి అందలేదు. ఆయన ముందు సైకిల్‌ని చూశారు, తర్వాత నన్ను, తర్వాత క్యారియర్ మీదున్న చెల్లెల్ని. ఏది ఎక్కువ తప్పో తేల్చుకోలేకపోయారు. ఆమె దిగి కొంగు సర్దుకుని, మెట్లవైపు నడిచారు. గోడ చుట్టూ పొడుచుకొచ్చిన బండలే ఆ మెట్లు.

“చెల్లె, ఆగు. ఆడది ఎక్కితే బురుజు కూలుతది. తెల్వదా నీకు?”

“ఎక్కకున్నా వచ్చేవారం కూలగొడ్తనే ఉంటిరి గదనే,” అన్నారామె, వెనక్కి తిరక్కుండా.

మెట్లకు అడ్డం పోబోయిన మామయ్య పక్కకు జరిగారు.

అత్తగారి మోకాళ్లు మెట్లకు ఒప్పుకోలేదు. అందుకని ఆమె మెట్టు మీద కూర్చుని, చేతులు వెనక్కి ఆనించి, పై మెట్టు మీదికి జరిగారు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ జరిగారు. అలా మా వైపే చూస్తూ, వెనక్కి వెనక్కి, రెండంతస్తుల ఎత్తు ఎక్కారు. నేను కింద చేతులు చాచి నిలబడ్డాను, పడితే పట్టుకుంటానన్నట్టు. ఆ సాయం ఎందుకూ పనికిరాదని ముగ్గురికీ తెలుసు.

పైన లేచి నిలబడ్డారు. గాలికి కొంగు ఎగిరింది. కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. మామయ్యే ఆగలేకపోయారు.

“ఏం గనవడ్తున్నది?”

“మస్తు గనవడ్తున్నది. పటాన్‌చెరు పొగగొట్టాలు గనవడ్తున్నయి. మన బాయి గనవడ్తున్నది.” ఇంకో దిక్కుకు తిరిగారు. “అన్నా, పెద్దబాట కనవడ్తలేదు గదా?”

ఇక్కడొక సంగతి చెప్పాలి. రజాకార్ల లారీ పెద్దబాట మీద దుమ్ము లేపుకుంటూ రావడం ఈ బురుజు మీద నుంచి మొదట చూసింది మామయ్యే. మా పెళ్లిలో చెప్పారు, మా బాబు బారసాలలో చెప్పారు, పరామర్శకు వెళ్లిన ఇళ్లలోనూ చెప్పారు.

“చింతచెట్లు అడ్డమొస్తుండొచ్చు. అప్పుడు లేకుండె గవి.”

“గా చింతచెట్ల కిందనే గద మన తాత పంచాయితి చేస్తుండె.”

నేను సైకిల్ చైను పరీక్షించడంలో మునిగిపోయాను. చైను బాగానే ఉంది.

మామయ్య తల ఎత్తకుండా, ఆమెకు వినపడేటట్టు చెప్పారు.

“మాకేం గనవడకపోతుండె చెల్లె. అంత చీకటి. భయానికి నేను కండ్లు మూసుకుని కూసుంటుంటి. కిందికి దిగుతనంటె పెద్దోళ్లు దిగనియ్యకపోయిరి. కింద మీరు దంచే సప్పుడు ఇనుకుంట తెల్లారగొడ్తుంటిమి.”

పైనుంచి నవ్వు వినిపించింది. ఎగతాళి నవ్వు కాదది. మా అత్తగారు అంత గట్టిగా నవ్వగలరని నాకు అంతవరకూ తెలియదు. కంతల్లోంచి చిలకలు లేచిపోయాయి.

“ఇప్పుడు పొద్దెక్కిందే. రా, కండ్లు తెరిచి సూద్దువు,” అన్నారు.

ఆయనా ఎక్కారు. ఆయన మోకాళ్లదీ అదే పరిస్థితి, కనుక పద్ధతి కూడా అదే. తర్వాత నేనూ ఎక్కి, ముగ్గురం సద్ది తిన్నాం. వెన్నులో దిగిన గిన్నె కాబట్టి నా వాటా కొంచెం ఎక్కువ వేశారు. అడగమని ఎవరికీ కేకెయ్యలేదు, నాకే వడ్డించారు.

తిరిగి వచ్చేటప్పుడు పొలాల వైపు సైకిల్ తిప్పబోతే, ఊళ్లోంచే పోనిమ్మన్నారు. నడివీధిలో, అందరి ఇళ్ల ముందు నుంచి, ఆంధ్ర అల్లుడి క్యారియర్ మీద నా చొక్కా పట్టుకుని కూర్చుని వెళ్లారు. ముందు మామయ్య నడుస్తున్నారు. బిందెలతో ఎదురైన ఆడవాళ్లు ఇదేంటని నోరు నొక్కుకుంటుంటే, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఆయనే చెప్పుకుంటూ పోయారు, మా చెల్లె బురుజెక్కింది, బురుజేం కూలలే అని. లారీ కథకంటే దీన్ని బాగా చెప్పారనిపించింది. నిజం కావడం వల్ల కావచ్చు.

మర్నాటి నుంచి ఊళ్లో ఆడవాళ్లు బురుజెక్కడం మొదలుపెట్టారట. ముసలివాళ్లు కూర్చుని, కొత్త కోడళ్లు చీర దోపుకుని, బీడీలు చుట్టేవాళ్లు చేటలతో సహా. బుల్డోజర్ వచ్చిన రోజు డ్రైవరు మధ్యాహ్నం దాకా కింద కూర్చుని చాయ్‌లు తాగాడని చెప్పారు. పైనున్నవాళ్లు ఇంకా చూడడం అయిపోలేదన్నారట.