తాళం వేసిన అంతస్తులు

అశోక్ నగర్‌లో నాతో గది పంచుకున్న అన్న, కరెంటు పొదుపుగా వాడే భవనాలకు స్టార్ల సర్టిఫికెట్లు తయారుచేసే కంపెనీలో పనిచేసేవాడు. ఏడాదిలో కాలిన కరెంటును భవనం వైశాల్యంతో భాగించాలి. వచ్చే అంకె ఎంత తగ్గితే స్టార్లు అంత పెరుగుతాయి. సంతకం పెట్టే ముందు ప్రతి కాగితాన్నీ నా ముందుకు తోసి, "జర ఒక్కసారి చూడు తమ్మీ" అనేవాడు. పోటీ పరీక్షలకు చదువుతున్న నాకు భాగహారం నిమిషం పని.

తెలంగాణ రావడానికి ముందు ఎండాకాలం, నారాయణగూడలోని ఓ ఆఫీసు భవనం లెక్క చూపించాడు. "కరెక్టే అన్నా" అన్నాను. ఐదు స్టార్లు వచ్చాయి.

సర్టిఫికెట్ ఇచ్చి వచ్చిన రోజు అన్న కంచం ముట్టలేదు.

"పైన రెండంతస్తులకు తాళాలున్నయ్ తమ్మీ. ఏడాది సంది ఎవ్వరు లేరంట. ఓనరిచ్చిన ప్లాన్ చూసి మనం ఆ జాగ గూడ కలిపినం. ఖాళీ జాగల కరెంటేం కాలుతది?"

"భాగహారం తప్పు కాలేదు కదన్నా?"

"భాగహారం కాలే. సర్టిఫికెటే తప్పయింది."

రెండు రోజులు ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. ఇద్దరు పిల్లల్ని ఊళ్లో ఉంచి వచ్చినవాడు. మూడో రోజు పొద్దున ఆ సర్టిఫికెట్ వెనక్కి తీసుకోమని తన సారుకు ఉత్తరం రాసి, ఎప్పటిలాగే నా ముందుకు తోశాడు.

"జర ఒక్కసారి చూడు తమ్మీ."

అందులో అంకెలు లేవు. లెక్క తానొక్కడే చూశానని, తప్పు తన ఒక్కడిదేనని ఉంది. రెండుసార్లు చదివాను.

"కరెక్టే అన్నా" అన్నాను.