చర్చి మేడెక్కిన రూటర్

2022 వర్షాకాలం నాటి మాట. తాడేపల్లిగూడెంలో పదిమందిమి పనిచేసే ఒక చిన్న ఐ.టి. సంస్థలో నేను నెట్‌వర్క్ ఇంజనీర్‌ని. ఏలూరులోని ఒక మిషన్ ఆసుపత్రి కంప్యూటర్ల పని మా సంస్థే చూసేది. ఆ ఆసుపత్రికి మా గూడెంలోనే ఒక శాఖ, కొల్లేరులో ఒక లంక గ్రామంలో రెండు గదుల క్లినిక్ ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌గా కలిపి, తెగకుండా చూసుకోవడం నా బాధ్యత. నేను చేసే పనేమిటో మా అమ్మకి ఇప్పటికీ అర్థం కాదు. "వైర్లు కలుపుతుంది" అని పెంటపాడులో అందరికీ చెబుతుంది. నిజానికి నేను వైరు ముట్టుకుని చాలా ఏళ్ళయింది.

పని ఎలా ఉంటుందో రెండు ముక్కల్లో చెబుతాను. మూడు చోట్లా ఉన్నది మామూలు ఇంటర్నెట్టే. రోగుల వివరాలు అందులో బాహాటంగా పంపకూడదు కాబట్టి, దాని లోపల టన్నెల్ అనే తాళం వేసిన దారి ఒకటి వేస్తాం. ఈ టన్నెళ్ళన్నీ క్లౌడ్‌లో, అంటే ఒక పెద్ద కంపెనీ అద్దెకిచ్చే కంప్యూటర్లలో, ట్రాన్సిట్ గేట్‌వే అనే కూడలి దగ్గర కలుస్తాయి. భీమడోలు జంక్షన్లో బస్సులు ఏలూరు వైపు కొన్ని, గూడెం వైపు కొన్ని విడిపోయినట్టు, ఏ సమాచారం ఎటు పోవాలో అక్కడ తేలుతుంది. అలా తేల్చే పట్టికను రూట్ టేబుల్ అంటారు. కూడలి ప్రతి శాఖనీ దాని స్టాటిక్ ఐ.పి.ని చూసి గుర్తుపడుతుంది. స్టాటిక్ ఐ.పి. అంటే ఎప్పటికీ మారని ఇంటర్నెట్ చిరునామా. ఆ చిరునామా కాకుండా ఇంకెక్కడి నుంచి పిలిచినా తలుపు తీయదు.

ఈ ఏర్పాటు కోసం ఆ ఏడాది మే నెలలో లంకకి వెళ్ళాను. కొల్లేరు బాగా వెనక్కి తగ్గి, నేల నెర్రెలు విచ్చి ఉంది. క్లినిక్ ముందు గేదెలు మేస్తున్నాయి. మోటారు సైకిల్ మీద వెళ్ళి, ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుని తిరిగొచ్చాను. తర్వాత మూడు డబ్బాలు, మధ్యలో కూడలి, ఒక్కో డబ్బా పక్కన దాని నెట్‌వర్క్ అంకె వేసి చక్కటి బొమ్మ గీశాను. దాన్ని లామినేషన్ చేయించి మూడు చోట్లకీ పంపాను. మా మేనేజరు మెచ్చుకున్నారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకాన్ని, ఆ బొమ్మలో తప్పుందని అప్పుడు ఎవరన్నా ఒప్పుకునేదాన్ని కాదు.

ఆగస్టులో వానలు పట్టాయి. నాలుగు రోజులు వదల్లేదు. అయిదో రోజు ఉదయం వేరే పని మీద పాసింజర్లో ఏలూరు బయల్దేరాను. భీమడోలు దాటాక పట్టాలకి రెండు పక్కలా చేలు కనబడలేదు, అంతా నీళ్ళే. ఆసుపత్రిలో అడుగుపెట్టి తడిసిన గొడుగు ఇంకా మడవలేదు, ప్రసూతి విభాగం డాక్టర్ వసుధ గారు వరండాలో ఎదురొచ్చారు.

"జ్యోతీ, దేవుడే పంపాడమ్మా నిన్ను. లంక నుంచి గీత రావడం లేదు."

గీత అంటే సి.టి.జి. కడుపులోని బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో, తల్లికి నొప్పులెలా వస్తున్నాయో పక్కపక్కనే గీతలుగా గీసే యంత్రం అది. లంకలో యంత్రం గీస్తుంటే ఏలూరులో డాక్టరు గారు తెరమీద అప్పటికప్పుడు చూస్తారు. ఆ ఉదయం దుర్గ అనే అమ్మాయి క్లినిక్‌కి వచ్చింది. తొలి కాన్పు, నెలలు నిండాయి. రాత్రి నుంచి బిడ్డ కదలడం లేదని ఏడుస్తోంది.

"మామూలుగా అయితే ఈ పాటికి అంబులెన్సులో ఇక్కడుండేది," అన్నారు డాక్టర్ గారు. "రోడ్డు తెగిపోయింది. పడవలో తేవాలి. పొద్దున్న ఆ గాలికి ఒక పడవ తిరగబడిందట, ఎలాగో ఈదుకుని బయటపడ్డారు. నిండు చూలాలు ఈదుతుందా? అలాగని బిడ్డకి నిజంగా ఇబ్బందిగా ఉంటే ఆపడానికీ లేదు. గీత చూస్తేగాని ఏ సంగతీ చెప్పలేను."

క్లినిక్ నర్సు సిస్టర్ మరియమ్మ గారికి ఫోన్ చేశాను. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళుగా ఆ లంకలోనే పనిచేస్తున్నారు.

"సిస్టర్ గారూ, రూటర్ మీద ఆకుపచ్చ దీపం వెలుగుతోందా అండీ?"

"వెలుగుతోందండి. కాకపోతే మేం క్లినిక్‌లో లేమండి."

"మరెక్కడున్నారు?"

"చర్చి మేడ మీదండి. నిన్న మధ్యాహ్నం గుమ్మంలోకి నీళ్ళొచ్చేసాయండి. మంచం, మందుల బీరువా, మీ డబ్బా, మీ బొమ్మ, అన్నీ దోనెల మీద తెచ్చేసుకున్నామండి. పాస్టర్ గారిది సిమ్ము వేసిన ఇంటర్నెట్ డబ్బా ఉంటే దానికి తగిలించామండి. ఏటా ఇంతేనండి మాకు."

"ఏటానా?"

"ఆయ్. పెద్ద వానలు పట్టాయంటే పది పదిహేను రోజులు క్లినిక్ మేడ మీదేనండి."

"మరి మే నెలలో వచ్చినప్పుడు ఆ ముక్క నాకు చెప్పలేదేంటండీ?" నా గొంతు పెరిగింది.

"మీరు అడగలేదు కదండీ," అన్నారావిడ. దెప్పిపొడుపు కాదు, ఉన్నమాట చెప్పారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ పై రాష్ట్రం వాడో చేశాడంటే అర్థముంది. పెంటపాడులో పుట్టి, కొల్లేరు చేపలు తిని పెరిగినదాన్ని, ఎండాకాలం చూసిన కొల్లేరునే కొల్లేరనుకుని బొమ్మ గీశాను. చర్చి సిమ్ కనెక్షన్‌కి స్థిరమైన చిరునామా లేదు. కూడలికి అది ఎవరో కొత్త మనిషి పిలుపు, అందుకే తలుపు తీయలేదు. నేను చెప్పిందే అది చేసింది.

ఈలోగా డాక్టర్ గారు వీడియో కాల్ ప్రయత్నించారు. సిస్టర్ గారు ఫోన్‌ని యంత్రం ముందు పట్టుకున్నారు. బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి ఆగిపోయింది. ఊరంతా అదే టవర్ మీద ఉంది మరి. వీడియోకి వెడల్పాటి దారి కావాలి. సి.టి.జి. పంపేవి కొన్ని అంకెలే కాబట్టి వాటికి సన్నటి దారి చాలు, కాకపోతే అది సురక్షితంగా ఉండాలి.

"ఆ తాళాలన్నీ ఈ పూటకి తీసేస్తే కుదరదా అమ్మా?" అని అడిగారు డాక్టర్ గారు.

"సర్వర్లో మూడు ఊళ్ళ రోగుల వివరాలున్నాయండీ. తలుపు తీస్తే దుర్గ ఒక్కతే రాదు, ఎవరైనా రావచ్చు. పైగా ఆ యంత్రానికి లోపలి దారి ఒక్కటే తెలుసు. తాళం తీసినా, కొత్త దారి వేసినా పట్టే సమయం ఒకటే. నేను దారే వేస్తానండీ."

ఆవిడ గోడ గడియారం చూశారు. పదిన్నర. "పదకొండున్నర దాకా చూస్తాను. అప్పటికీ గీత రాకపోతే పడవెక్కించమంటాను. ఆ తర్వాత దైవాధీనం," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం నాకింకా గుర్తుంది.

నర్సుల బల్ల చివర లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. చిరునామా లేకపోయినా శాఖని గుర్తుపట్టే పద్ధతి ఒకటుంది. రూటర్‌కి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది గుర్తింపు కార్డు లాంటిది, ఎక్కడి నుంచి వచ్చినా కార్డు చూపిస్తే కూడలి లోపలికి రానిస్తుంది. మే నెలలోనే చేయాల్సింది. రెండు రోజుల పని ఎక్కువవుతుందని బద్ధకించాను. ఆ బద్ధకానికి నన్ను నేను తిట్టుకుంటూ, కొత్త కార్డు తయారుచేసి, తాళం వేసిన ఫైల్‌గా సిస్టర్ గారికి మెయిల్ చేశాను. పాస్‌వర్డ్ ఫోన్‌లో చెప్పాను.

టన్నెల్ లేనిదే ఆ రూటర్ నాకు అందదు కాబట్టి, అందులో చేయాల్సిన మార్పులు క్లినిక్ కంప్యూటర్‌లో ఆవిడ చేతుల మీదుగానే జరగాలి. నేను ఒక మాట చెబితే ఆవిడ వెంటనే చేసేవారు కాదు. ముందు నా మాటే నాకు తిరిగి చదివి, నేను "అవునండీ" అన్నాకే నొక్కేవారు. మూడోసారికి నాకు చిరాకేసింది.

"సిస్టర్ గారూ, మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేదండీ, టైమ్ లేదు."

"ఫోన్‌లో డాక్టర్ గారు మందు చెబితే తిరిగి చదివి వినిపించాకే ఇస్తామండి. మాకు నేర్పిందదేనండి. తొందరగా ఉన్నప్పుడైతే తప్పనిసరండి," అన్నారు, మెత్తగానే. పక్కన దుర్గ మూలుగు వినబడుతోంది. "ఏం కాదమ్మా, ఎడం పక్కకి తిరిగి పడుకో" అని ఆ అమ్మాయికి చెప్పి మళ్ళీ నా లైన్లోకి వచ్చారు.

పదకొండుంపావుకి టన్నెల్ లేచింది. నా తెరమీద ఆకుపచ్చ గుర్తు పడింది. ఇల్లు అలకగానే పండగ కాదు, లంక నెట్‌వర్క్ అంకెని అక్కడ రూటర్‌లోనూ, ఇక్కడ రూట్ టేబుల్లోనూ కొత్త దారి ఎదురుగా రాయాలి. అప్పుడే ఇటు నుంచి వెళ్ళిన పిలుపుకి అటు నుంచి జవాబు వస్తుంది.

"రాసుకోండి. పది చుక్క, ఇరవై చుక్క, రెండు చుక్క, సున్నా," అంటూ నా వైపు కూడా అదే కొట్టేశాను. ఎంటర్ నొక్కడమే తరువాయి.

"పది, ఇరవై, రెండు, సున్నా," అని చదివారు సిస్టర్ గారు. ఆగారు. "ఏవండీ, మీ బొమ్మ నా ముందే ఉందండి. రెండు గూడెం పక్కన రాసుందండి. లంక పక్కన మూడు కదండీ?"

వేలు గాల్లో ఆగిపోయింది. రోజూ నేను పనిచేసే గూడెం అంకె అది, నోటికి అలవాటై వచ్చేసింది. నొక్కి ఉంటే గూడెం ఆసుపత్రికి పోవాల్సిన సమాచారం లంక దారి పట్టేది, లంక గీత మాత్రం వచ్చేది కాదు. ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకునేసరికి పదకొండున్నర దాటిపోయేది, దుర్గ పడవలో ఉండేది.

"మూడేనండీ," అన్నాను. "తప్పు నాదండీ. మూడు."

"పది, ఇరవై, మూడు, సున్నా. నొక్కమంటారా అండీ?"

"నొక్కండి," అని నా వైపు కూడా మూడుగా దిద్ది ఎంటర్ నొక్కాను.

పదకొండు ఇరవై రెండుకి డాక్టర్ గారి తెరమీద గీత కదిలింది. నేను ఊపిరి పీల్చుకోబోయాను గానీ ఆవిడ మొహం విప్పారలేదు. బిడ్డ బాగుంటే మధ్యమధ్య పైకి లేవాల్సిన గుండె గీత దాదాపు బద్దలా తిన్నగా సాగుతోంది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. పదకొండున్నర దాటింది. నెట్‌వర్క్ తెగితే ఏం చేయాలో నాకు తెలుసు. ఆ గీతని చూస్తూ ఏం చేయాలో తెలియక చేతులు నలుపుకుంటూ నిలబడ్డాను.

"సిస్టర్, ఆ పిల్ల ఏమైనా తిన్నదా?" అన్నారు డాక్టర్ గారు ఫోన్‌లో.

"రాత్రి నుంచి భయంతో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదంటండి."

"పంచదార బాగా వేసి పాలు పట్టించండి. నేను చూస్తూనే ఉంటాను."

పాలు తాగిన కాసేపటికి గీత చిన్నగా పైకి లేచి దిగింది. ఇంకాసేపటికి మళ్ళీ లేచింది. ఈసారి ఎత్తుగా. డాక్టర్ గారు కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. "లోపలున్నది మహారాజో మహారాణో గానీ, ఇంతసేపూ హాయిగా నిద్రపోయారమ్మా! సిస్టర్, పడవ వద్దు. గాలి తగ్గేదాకా అక్కడే ఉంచండి. గీత నా ముందే ఉంటుంది."

నాకు ఏడుపొచ్చేసింది. మొహం లాప్‌టాప్ వెనక దాచుకున్నానుగానీ అందరూ చూశారు. సాయంత్రం నాలుగింటికి గాలి పడిపోయింది. అప్పుడు దుర్గని నిదానంగా పడవలో దాటించి ఏలూరు తెచ్చారు. మర్నాడు మామూలు కాన్పే అయింది, ఆడపిల్ల.

నీళ్ళు తీశాక మళ్ళీ లంకకి వెళ్ళాను. సిస్టర్ గారు చర్చి మెట్ల పక్క గోడ చూపించారు. ఏ ఏడు నీళ్ళు ఎంతదాకా వచ్చాయో పెయింటుతో గీతలు పెట్టి ఉన్నాయి. మే నెలలో ఆ గోడ పక్కనే బండి దిగాను, చూడలేదు. బొమ్మలో చర్చి మేడకి ఒక డబ్బా గీశాను. ఆ తర్వాత అడిగాను, "ఎప్పుడైనా మేడ కూడా మునిగితే ఎక్కడికి వెళ్తారండీ?"

"హైస్కూలు డాబా మీదికండి. నేనొచ్చిన కొత్తలో ఓసారి వెళ్ళాం."

"అది కూడా నాకు చెప్పలేదు!"

"ఇప్పుడు అడిగారు కదండీ," అని నవ్వారు.

ఇప్పుడు కొత్త చోటికి వెళితే నా మొదటి ప్రశ్న అదే. ఆ మధ్య పెదవేగిలో పామాయిల్ తోటల వాళ్ళ ఆఫీసులో, "నీళ్ళొస్తే మీరెక్కడికి వెళ్తారండీ?" అంటే, మెరక ప్రాంతం వాళ్ళు కదా, పకపకా నవ్వారు. నవ్వాక వాళ్ళలో పెద్దాయన ఆలోచించి, "నీళ్ళు రావుగానండి, గాలివాన వస్తే మూడ్రోజులు కరెంటుండదండి" అన్నారు. రాసుకున్నాను.

ఇంకో అలవాటు కూడా అబ్బింది. రూట్ టేబుల్లో ఏ అంకె మార్చినా పక్కవాళ్ళు గట్టిగా తిరిగి చదివాకే ఎంటర్ నొక్కుతాను. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళు దీన్ని మేడం గారి ప్రార్థన అని వెక్కిరిస్తారు. వాళ్ళకి దుర్గ సంగతి చెబుతాను. ఒక నర్సు నా మాట నాకు తిరిగి చదవబట్టి ఆ రోజు రెండు మూడైంది, ఆ పిల్ల ఆ గాలిలో పడవెక్కలేదు.