స్లాబు మీద నీళ్లు

పన్నెండేళ్ల కిందట ఆడిన అబద్ధాన్నే ఈ పొద్దున మళ్లీ ఆడాను. మా ఎదుటి ప్లాటు కొన్న బ్యాంకు ఉద్యోగి ఇల్లు మొదలుపెట్టబోతూ సలహా కోసం వచ్చాడు. పని మా ఇల్లు కట్టిన మేస్త్రికే ఇద్దామనుకుంటున్నాడట. టీ తాగుతూ తల పైకెత్తి, ఏటా వానలకు పెద్దదయ్యే మరకను హాలు స్లాబు మీద చూశాడు. "ఇదీ ఆయన పనేనా సార్?" అన్నాడు. నేను నవ్వి, "చూస్తున్నారుగా," అన్నాను. అంతే. ఖమ్మం నుంచి ఇంకెవరినైనా పిలిపిస్తానని చెప్పి అతను లేచాడు. మేస్త్రికి ఏడాదిగా చేతిలో పెద్ద పని లేదని నాకు తెలుసు. గ్లాసులు తీస్తూ మా ఆవిడ నా వంక ఒకసారి చూసి లోపలికి వెళ్లింది. నేను చెప్పగా నిజం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

ఇల్లు మొత్తం ఒప్పుకుని కట్టించేవాణ్ణి కాగితాల్లో కాంట్రాక్టరు అని రాస్తారు గానీ, భద్రాచలంలో అందరికీ ఆయన మేస్త్రే. పని మాట్లాడుకోవడానికి వెళ్లిన రోజు, తాను కట్టిన ఒక ఇంటికి తీసుకుపోయి, గోడకు చెంప ఆనించి ఒంటికన్నుతో చూడమన్నాడు. వంకర కనబడితే అక్కడికక్కడే కూలగొడతానన్నాడు. నాకేమీ కనబడలేదు, చెంపకు సున్నం మాత్రం అంటుకుంది. ఆ సున్నం తుడుచుకుంటూనే ఒప్పుకున్నాను. ఆ తరువాత మనిషి దొరకలేదు. ఒకేసారి నాలుగు ఇళ్లు పట్టుకున్నాడని నాలుగో నెలలో తెలిసింది. ఆయన చర్చికి పోయే మనిషి, ఆదివారం పని ముట్టడు. మా ఇంటికి మాత్రం వారంలో మూడు ఆదివారాలు వచ్చేవి. ఫోన్ చేస్తే "దార్ల ఉన్న సార్" అనేవాడు, వెనక నుంచి వాళ్ల ఇంటి కోడి కూత వినబడేది. నేనప్పుడు చర్లలో పంతులుగా ఉండేవాణ్ణి. నలభై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టగలిగినవాణ్ణి, సాయంత్రం బస్సు దిగి ఇటుకల కుప్ప మీద కూర్చుని, పైకప్పు లేని గోడల్ని చూస్తూ ఏంచేయాలో తెలియక ఇంటికి పోయేవాణ్ణి. దొరికిన రోజున మాత్రం, మాట తప్పడం గురించి కూలీల ముందే ఆయనకు పాఠం చెప్పేవాణ్ణి. తల వంచుకుని వినేవాడు.

ఆయనకు ఇసుక తోలేది భార్య తమ్ముడు. సొంత ట్రాక్టరు. బావాబామ్మర్దులు ఒకే క్యారియర్ విప్పుకుని, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటూ తినేవాళ్లు. ఏప్రిల్‌లో స్లాబు పోశారు. మా ఆవిడ కొబ్బరికాయ కొట్టింది, మేస్త్రి కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు, మిక్సర్ తిరిగింది. మర్నాడు నన్ను పైకి తీసుకుపోయాడు. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నింపి ఉన్నాయి. పైపు నా చేతికిచ్చాడు. "పోసుడు వరకే మా పని సార్. ఇగ దీన్ని సాకేది మీరే. పదిహేను రోజులు తడి ఆరనీయొద్దు, ఆరితే పగులుతది. మీతోని కాకుంటే చెప్పుండ్రి, మనిషిని పెడత." మా వైపు నీళ్లు పెట్టడం ఇల్లు గలవాడి బాధ్యతే. సరేనన్నాను.

రెండో రోజే పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఖమ్మం రమ్మని కబురొచ్చింది. మా ఆవిడ చెల్లెలి పురుడని మధిర వెళ్లి ఉంది. ఒక్క ఫోన్ చేస్తే మేస్త్రి మనిషిని పెట్టేవాడు. కానీ నెలల తరబడి మాట తప్పావని దులిపిన మనిషికి, నాతో కావడం లేదని చెప్పడం నామోషీ అనిపించింది. మడుల నిండా నీళ్లు పట్టి బస్సెక్కాను. అయిదు రోజులకు తిరిగొచ్చేసరికి స్లాబు తెల్లగా పాలిపోయి, వెంట్రుకవాసి పగుళ్లు ఈ చివరి నుంచి ఆ చివరికి పాకి ఉన్నాయి. గబగబా నీళ్లు నింపాను. సాయంత్రం మేస్త్రి వచ్చి వంగి, పగులు మీద వేలు నడిపించాడు.

"నీళ్లు ఎండినయా సార్?"

"ఒక్క పూట కూడా ఎండనివ్వలేదు," అన్నాను.

ఆయన కిందికి దిగి, మిగిలిన ఇసుక గుప్పెడు తీసి అరచేతుల మధ్య నలిపి చూశాడు. ఇందులోనే మన్ను కలిసిందని తేల్చాడు. పిలిపిస్తే వచ్చిన బామ్మర్ది, మంచి ఇసుకేనని పిల్లల మీద ఒట్టు పెట్టుకున్నాడు. "మరి సార్ అబద్ధమాడిండా?" అన్నాడు మేస్త్రి. ఇద్దరూ నావైపు చూశారు. నేను ఇటుకలు లెక్కపెడుతున్నట్టు అటు తిరిగాను. మేస్త్రి తన సొంత సిమెంటుతో పగుళ్లు మూయించాడు. ఆ రోజు నుంచి బామ్మర్ది దగ్గర ఇసుక కొనలేదు. సొంత బావే వద్దన్న ఇసుకను ఇంకొకరు కొనరు. అతను ట్రాక్టరు అమ్ముకుని చర్ల దారిలోని అత్తగారి ఊరికి పోయాడు. అక్కాతమ్ముళ్ల ఇళ్ల మధ్య క్రిస్మస్‌కు కూడా రాకపోకలు లేవని విన్నాను. విని ఊరుకున్నాను.

ఈ మధ్యాహ్నం కంచం ముందు నుంచి లేచి చెప్పులేసుకున్నాను. ముందు బ్యాంకు ఉద్యోగి దగ్గరికి వెళ్లి ఉన్నది చెప్పాను. అతను, "అయితే నీళ్లు మేమే చూసుకోవాలన్నమాట," అన్నాడు, మేస్త్రి ఫోన్ నంబరు అడిగాడు. అక్కడి నుంచి మేస్త్రి ఇంటికి వెళ్లాను. వాకిట్లోనే నిలబడి చెప్పాను. ఆయన కోప్పడితే బాగుండేది. లోపలికి తిరిగి, "ఇంటున్నవా, మీ తమ్ముని ఇసుక మంచిదేనంట," అన్నాడు. ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నేను ఆనాడే చెప్పిన. నా మాట ఎవలిన్నరు? ఈ ముచ్చట నాకెందుకు సారూ, వానికి చెప్పు పో."

మేస్త్రి బండి మీదే ఇద్దరం వెళ్లాం. చర్ల దారిలో బామ్మర్ది ఇంటి ముందు దిగాం. బామ్మర్ది జుట్టు నెరిసింది. మేస్త్రి నోరు తెరవకముందే నేను చెప్పేశాను. అతను నా మాట పూర్తిగా విని, నన్ను కాదు, మేస్త్రిని అడిగాడు.

"ఆయన పరాయోడు బావా. నువ్వెట్ల నమ్మినవ్?"

మేస్త్రి, నా పాఠాలు విన్నప్పటిలాగే, తల వంచుకున్నాడు. బామ్మర్ది మంచం వాల్చి బావను కూర్చోమన్నాడు. నన్ను అనలేదు, నేను నిలబడే ఉన్నాను. ఉన్నది చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. పన్నెండేళ్ల కిందట కూడా ఆ నిమిషం అంతే ఉండేది.