ఖాలిదా చెరిపేసిన దీవి

రాయచోటిలో సివిల్ డిప్లొమా చదివిన ఖాలిదా, సౌదీలోని దమ్మామ్‌లో ఓడలకు పటాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. పాత పటాలనూ ఉపగ్రహ చిత్రాలనూ పక్కపక్కన పెట్టుకుని తేడాలు సరిచూడటం ఆమె పని.

ఆ గురువారం ఉదయం, ఒక పాత సముద్రయాత్ర నివేదిక చదువుతూ ఆమె ఠక్కున ఆగిపోయింది.

ఉత్తర ధ్రువానికి దగ్గరలో, మనిషన్నవాడు ఉండని ఒక చిన్న దీవికి పాత పటాల్లో రెండు పేర్లున్నట్టు ఆమెకు అనిపించింది. మొదట చూసిన నావికులు, దాన్ని కనిపెట్టిన తమ ఓడ వడ్రంగి పేరు మీద ఓలాఫ్ దీవి అన్నారు. ఆరేళ్ల తర్వాత వచ్చిన మరో ఓడవాళ్లు పొగమంచులోంచి చూసి గుడ్డి దీవి అన్నారు. రెండూ ఒకటేననీ, లెక్క తప్పి రెండుచోట్ల గీశారనీ తేల్చి, పోయిన నెల గుడ్డి దీవిని పటంలోంచి తీసేసింది ఖాలిదాయే.

కానీ ఓలాఫ్ దీవి చదునుగా, నల్ల గులకరాళ్లతో ఉంటుందని ఈ నివేదికలో ఉంది. గుడ్డి దీవికేమో ఉత్తరాన నిలువు కొండచరియ. పోయిన నెల ఆమె చూసినవి అంతా మంచు కప్పిన చిత్రాలు. ఈసారి మంచు కరిగే ఆగస్టు నెల చిత్రాలు తెరిచి చూసింది. నాలుగు మైళ్ల ఎడంలో రెండు నల్లటి మచ్చలు!

ఆ పటం కొనుక్కున్న పరిశోధన ఓడ ఆ రోజే అటుగా వెళ్తోంది.

పరుగున మేనేజర్ మనోహర్ దగ్గరికి వెళ్లింది. “సార్, నేను తప్పు చేసినా. గుడ్డి దీవి నిజంగానే ఉండాది.”

మనోహర్‌ది మచిలీపట్నం. “ఏం మాట్లాడుతున్నారండీ? సంతకం మీదే కదా! బయటికి తెలిస్తే కాంట్రాక్టు పోద్ది. పైగా వచ్చే నెల మీ ఇఖామా రెన్యూవల్. అది ఆగితే ఈ దేశంలో ఉండనివ్వరు. ఆదివారం మీటింగులో చూద్దాం.”

“ఆదివారం దాకా ఓడ నిలబడదు సార్. ఫోన్ మీరు చేస్తారా, నన్ను చేయమంటారా?”

ఫోన్ ఆమే చేసింది. మూడుసార్లు కలవలేదు. నాలుగోసారి ఓడ అధికారి ఎత్తాడు.

“మీ దారిలో ఒక దీవి ఉంది. పటంలో లేదు. తప్పు నాది” అని ఇంగ్లీషులో చెప్పింది.

“ఇక్కడంతా పొగమంచు, ఏమీ కనబడటం...” అంటుండగానే లైను తెగిపోయింది.

మధ్యాహ్నపు జుహర్ నమాజు వేళైంది. ఖాలిదా కుర్చీలోంచి లేవలేకపోయింది. మనోహర్ ఆమె వెనకే నిలబడి తెరవైపే చూస్తున్నాడు. నలభై నిమిషాల తర్వాత మెసేజ్ వచ్చింది: “వేగం తగ్గించాం. రాడార్‌లో కనిపించింది మంచుగడ్డ అనుకున్నాం. మైలు దూరంలో కొండచరియ. వెనక్కి తిప్పేశాం.”

ఖాలిదా బాత్‌రూంలోకి వెళ్లి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

జరిగింది జరిగినట్టు తన పేరుతోనే రాసిచ్చింది. కంపెనీ మెమో ఇచ్చి, ఆర్నెల్లు ఆమెను సరిచూసే పని నుంచి తప్పించింది. ఇండియాకి పంపేద్దామా అని, ఆమెకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్ అడిగినప్పుడు మాత్రం మనోహర్ అడ్డుపడ్డాడు. “తప్పు చేసిందీ ఆవిడే, పట్టుకుందీ ఆవిడే. ఆవిణ్ణి పంపేస్తే రేపట్నుంచి ఇక్కడ ఎవడూ తప్పు ఒప్పుకోడు” అన్నాడు.

ఇఖామా రెన్యూ అయింది. ఇప్పుడు అక్కడ పటంలోంచి ఒక పేరు తీసేయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి.