నారప పగలగొట్టిన బండ

కప్పగల్లు గుట్ట ఎత్తు తక్కువ, మొండితనం ఎక్కువ. ఎవరో కోపంతో కుప్పపోసి వదిలేసినట్టు గుండ్ల మీద గుండ్లు. ఎండాకాలం దాని పక్కన నడిస్తే ముఖం మాడిపోతుంది. ఆ గుట్ట కింద పరుపుబండ మీద నారప ముప్పయ్యేళ్లు నిప్పుతో రాయి లేపి బతికాడు. బండ మీద తుమ్మకట్టెలు పరిచి మంట పెడతాడు. వేడికి పైపొర ఉబ్బి కింది రాతిని వదిలేస్తుంది. గుండ్రాయితో కొట్టి, విని, మంటను జానెడు జానెడు ముందుకు జరుపుతాడు. ఖంగుమంటే పొర లేచినట్టు. ఊళ్లో గడపలూ తొట్లూ అన్నీ అతని చెవి చలవే.

1961లో, తుంగభద్ర కాలువ నీళ్ల కోసం ఆంధ్ర దాటి వచ్చి స్థిరపడ్డ కోస్తా రైతు సీతారామారావు ఆ గుట్టను కంకర కోసం వేలంలో పాడుకున్నాడు. మందు పెట్టి పేల్చడం మొదలుపెట్టాడు. నారప అడ్డం పడ్డాడు.

“యాడినుంచో వచ్చినోనివి, మా గుట్ట నీకేంటికప్పా?”

“మీ గుట్టా? మీ తాతగానీ పేర్చాడేంటయ్యా?” రావు నవ్వాడు. “సరే. నా పిల్లకాలువ మీద బళ్లు దాటడానికి పన్నెండడుగుల బండ ఒక్కటి, అతుకు లేకుండా లేపివ్వు. నీ పరుపు జోలికి రాను. లేదా, సోమవారం మందు దాని కిందే పెట్టిస్తా.”

నారప, అతని భార్య కెంచమ్మ మూడు రోజులు బండ మీద మంట జరిపారు. ఆదివారం మధ్యాహ్నానికి పొర మొత్తం లేచింది. రావు మనుషుల్నీ ఎడ్లనూ తోలుకొచ్చాడు. నారప చివరిసారి గుండ్రాయితో కొట్టుకుంటూ నడిచాడు. ఖంగు. ఖంగు. నడిమధ్య ధబ్. మళ్లీ కొట్టాడు. ధబ్. పేలుళ్ల అదురుకు లోపల చీలిక పడింది. పైకి వెంట్రుకంత గీత కూడా లేదు.

ఆ తేడా కెంచమ్మకూ తెలుసు. “నోర్మూసుకో” అంది పళ్ల సందునుంచి. “ఆయప్పకేం తెలుస్తాది? తీస్కపోనీ. సచ్చేది ఆంధ్రోళ్లే కదా.”

“ఎద్దులు ఏ ఊరివే?” అన్నాడు నారప.

“ఏంటయ్యా గుసగుసలు?” అన్నాడు రావు.

“ఇది సచ్చిన రాయి, అప్పా. బండి ఎక్కితే కూలుతాది. నీ మందే చంపింది.”

రావు వంగి తడిమి చూశాడు. “గీతైనా లేదు, నా మీద నెపమా? రేపే దీన్ని వేయించి బండి తోలిస్తా. ఎత్తండ్రా!”

నారప సమ్మెట అందుకున్నాడు. నడిమధ్య ఒక్క దెబ్బ. బండ రెండయింది. ఆ ముక్కల్లో పాత చీలికను ఎవరూ వెతకలేదు. అందరూ అతని చేతిలోని సమ్మెటనే చూశారు.

“చూశారుగా, పొగరు!” అన్నాడు రావు. “నాకు దక్కకూడదని పగలగొట్టాడు.”

సోమవారం మందు పేలింది. పరుపు కంకరైంది. కెంచమ్మ ఆ కంకర కొట్టడానికే కూలికి పోయింది. ఏడాదిపాటు మొగుడితో మాట్లాడలేదు. ఊరంతా రావు మాటే నమ్మింది. ఎవరైనా మొహం మీదే అడిగితే నారప, “ఔ, పొగరే. ఏందిప్పుడు?” అనేవాడు.